కళల్లో పీజీ చేసేవాళ్లకి ఊరితో పని ఎప్పుడు మొదలవ్వాలి?

లలితకళల డిగ్రీ బీఎఫ్‌ఏ అయిపోయాక పీజీ కోర్సు ఎంఎఫ్‌ఏకి వెళ్లాలా, లేకపోతే హైదరాబాద్‌లో ఏదో డిజైన్ కంపెనీలో చేరిపోవాలా అని ఆలోచించే పిల్లలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మరీ ఎక్కువమంది ఉండరు. ఉన్నవాళ్లకి మాత్రం ఇంట్లో ఒకటే ప్రశ్న: ఇంకో రెండేళ్లు బొమ్మలేసుకుంటూ కూర్చుంటే ఏమొస్తుంది? సంగీతం, నాట్యం, నాటకం చదివేవాళ్లదీ ఇదే పరిస్థితి. కాలేజీవాళ్లు ఉద్యోగాల సంగతి చెప్తారు, కళాకారులు కళ గొప్పతనం చెప్తారు, అడిగిన తల్లిదండ్రులకి ఆ రెండింటితోనూ తృప్తి కలగదు. ఎందుకంటే ఆ రెండేళ్లలో పిల్లలు అసలు ఏం చేస్తారు, ఎవరితో కలిసి చేస్తారు, చేసినదాంట్లో ఊరికి ఏం మిగులుతుంది అన్నది వాళ్లకి ఎవరూ వివరంగా చెప్పరు.

ముందు చదువు సంగతి. ఎంఎఫ్‌ఏ అయినా, నాటకంలోనో నాట్యంలోనో ఇచ్చే ఎంపీఏ అయినా సాధారణంగా నాలుగు సెమిస్టర్లు. స్టూడియోలోనో రిహార్సల్ హాల్లోనో రోజువారీ పని, సెమినార్లు, కళా చరిత్ర పేపర్లు, ఒక డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం), చివర్లో ఎగ్జిబిషన్ లేదా ప్రొడక్షన్, దాన్ని చూసి మార్కులేసే జ్యూరీ. డిగ్రీలో చేతికి పని నేర్పుతారు. గీత నిలబడాలి, శ్రుతి తప్పకూడదు, అడుగు తాళంలో పడాలి. పీజీకి వచ్చాక గీత బాగుందా లేదా అన్న మాట తగ్గిపోయి, ఇదే ఎందుకు గీశావు, వేరేలా ఎందుకు గీయలేదు, దీనికి ముందు వేసి పక్కన పడేసినవి ఏవి, అవి ఎందుకు పనికిరాలేదు అని అడగడం మొదలవుతుంది. చాలామంది మొదటి సెమిస్టర్‌లో టెన్షన్ పడేది ఇక్కడే, పని చేయడం వచ్చు గానీ చేసిన పనికి కారణం చెప్పడం అలవాటు ఉండదు. సృజన ప్రక్రియ అని సిలబస్‌లో కాస్త బరువుగా రాసేది ఇదే. స్కెచ్‌బుక్కులు, ఫోన్‌లో చేసిన రికార్డింగులు, కొట్టేసిన స్క్రిప్టులు ఏవీ పారేయొద్దని మాస్టార్లు పోరేది కూడా అందుకే.

ఇక ఊరితో పని. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2022లో సామాజిక బాధ్యత, సమాజంతో అనుబంధం మీద 2 క్రెడిట్ల కోర్సుకి ఒక చట్రం ఇచ్చింది. మొత్తం 30 గంటలు, అందులో కనీసం సగం క్షేత్రంలో గడపాలి. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకి సామాజిక సేవా ప్రాజెక్టు కూడా ఉంది కాబట్టి ఊళ్లోకి వెళ్లడం అనేది ఎవరికీ కొత్త కాదు. కానీ అక్కడ అలవాటైన పద్ధతి సర్వే ఫారం పద్ధతి. ఇంటింటికీ వెళ్లి వివరాలు రాసుకుని, నాలుగు ఫొటోలు దిగి, రిపోర్టు బైండింగ్ చేయించి ఇచ్చేయడం. కళల పీజీలోకి కూడా అదే పద్ధతి వచ్చేసింది. విద్యార్థి తన పనంతా క్యాంపస్‌లో చేసుకుంటాడు, అంతా అయ్యాక ఏదో స్కూల్లో ఒకరోజు పెయింటింగ్ వర్క్‌షాప్ పెడతాడు, పిల్లలు రంగు చేతులు పైకెత్తిన ఫొటో ఒకటి డిసర్టేషన్ చివరి పేజీల్లోకి వెళ్తుంది. ఆ వర్క్‌షాప్ చెడ్డదేం కాదు, పిల్లలకి ఆ పూట సంతోషమే. అయితే దానివల్ల ఆ విద్యార్థి పనిలో ఒక్క గీత కూడా మారలేదు, మారే వీలు కూడా లేదు, ఎందుకంటే పని అప్పటికే అయిపోయింది. ఊరితో పని మొదటి సెమిస్టర్‌లోనే, అంటే ఏం చేయాలో ఇంకా తేలని దశలోనే మొదలవ్వాలి. అప్పుడే ఊరికి ఆ పనిని మార్చే అవకాశం ఉంటుంది.

ఇది ఎక్కడి నుంచో తెచ్చుకోవాల్సిన ఆలోచన కాదు. విజయనగరంలో వందేళ్ల కిందటే జరిగింది. 'కన్యాశుల్కం' తయారైన తీరు చూడండి. మొదటి కూర్పుకి ఇంగ్లీషులో రాసిన పీఠికలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు. మహారాజు చేయించిన ఆ లెక్కలో అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లు, దొరికినవి మాత్రమే, 1,034. ఆ పెళ్లికూతుళ్లలో ఐదేళ్ల పిల్లలే 99 మంది, ఏడాది వయసు పసిపిల్లలు కూడా ఉన్నారు. ఆ లెక్క వెనకాల పెట్టుకుని, ఊళ్లో వినబడే మాటతో రాసిన నాటకాన్ని 1892లో జగన్నాథ విలాసినీ సభ విజయనగరంలోనే ఆడింది. పుస్తకం 1897లో వచ్చింది. అక్కడితో ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టరు, కానీ ఆయన మళ్లీ మొత్తం విప్పి, పెంచి, మధురవాణి లాంటి పాత్రకి మొదటి కూర్పులో లేని విస్తృతి ఇచ్చి, 1909లో దాదాపు కొత్త నాటకంలా రెండో కూర్పు తెచ్చారు. ప్రదర్శనకీ రెండో కూర్పుకీ మధ్య 17 ఏళ్లు. ఇప్పుడు యూనివర్సిటీల్లో ప్రాక్టీస్ ఆధారిత పరిశోధన అని పేరు పెట్టి ప్రత్యేకంగా నేర్పుతున్నారే, దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ తెలుగులో దొరకడం కష్టం. వరస గమనించాలి. ఊరి లెక్క ముందు, రాత తర్వాత, ఊరి ముందు ఆట ఆ తర్వాత, చివరికి తిరగరాత. ఉత్త లెక్కే అయితే అది సర్కారు కచేరీ కాగితాల్లో ఉండిపోయేది. లెక్క లేకుండా నాటకం మాత్రమే అయితే ఎవరో నలుగురి మీద వేసిన వెటకారం అని కొట్టిపారేయడం తేలికయ్యేది.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు దారిలో జరిగే పని ఒకటి చెప్పుకోవాలి, సవర ఆదివాసీల గోడ చిత్రాలతో జరిగేది. 2022 జిల్లాల విభజన దాకా శ్రీకాకుళం జిల్లాలో, ఆ తర్వాత పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సీతంపేట ఏజెన్సీకి ఏటా విద్యార్థులు వెళ్తూనే ఉంటారు. ఎర్రమట్టి అలికిన గోడ, దాని మీద బియ్యప్పిండి తెలుపుతో వెదురుపుల్ల పట్టి వేసిన మనుషులు, ఏనుగులు, గుర్రాలు, సూర్యుడు, చంద్రుడు. చూడగానే ఎవరికైనా నచ్చేస్తుంది. ఫోన్‌లో ఫొటోలు తీసుకుని వచ్చి, ఆ బొమ్మల్నే యాక్రిలిక్‌తో కాన్వాస్ మీదకి ఎక్కించి, పక్కన ఆదివాసీ జీవన సౌందర్యం అని రెండు పేరాలు రాసి పెట్టిన ఎగ్జిబిషన్లు బోలెడు. అయితే సంప్రదాయంలో ఆ గోడ అలంకారం కోసం వేసినది కాదు. ఇంట్లో జబ్బు చేసినప్పుడో, పంట కోసమో, చనిపోయిన పెద్దల కోసమో, ఏ దేవతకి లేదా ఏ పూర్వీకుడికి ఏం కావాలో పూజారి ద్వారా తెలుసుకుని, దాని ప్రకారం వేసేది. అంటే ఆ బొమ్మ ఒక మొక్కు, ఒక మాట. ఎవరు వేయాలి, ఎప్పుడు వేయాలి, ఎవరు చూడొచ్చు అన్నవి కూడా బొమ్మలో భాగమే. ఫొటోలో ఇవేవీ రావు కాబట్టి కాన్వాస్ మీదకి వచ్చేది సగం కూడా కాదు.

అలాగని దాన్ని ముట్టుకోకూడని పురాతన వస్తువులా చూడటం కూడా తప్పే. ఒడిశా వైపు సవరల గోడల మీద ఆదివాసీల మీద పరిశోధన చేసిన వెరియర్ ఎల్విన్ కాలానికే సైకిళ్లు, విమానాలు చేరిపోయాయి. గీసేవాళ్లు లోకాన్ని చూస్తూ, చూసినదాన్ని గోడ మీదకి తెచ్చుకుంటూనే ఉన్నారు, ఇప్పుడు కాగితం మీదా గుడ్డ మీదా వేసి అమ్ముకునే సవర కళాకారులు కూడా ఉన్నారు. అమ్మకానికి వేసేది వేరు, మొక్కుకి వేసేది వేరు అన్న తేడా వాళ్లకి బాగా తెలుసు. పీజీ విద్యార్థి మొదట నేర్చుకోవాల్సింది ఆ తేడానే, దానికి ఒక్కరోజు ఫీల్డ్ విజిట్ చాలదు.

ఎంతకాలం కావాలి? ఈ నేల మీదే ఒక మనిషి చేసి చూపించారు. గిడుగు వెంకట రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ చుట్టుపక్కల సవరల్ని చూసి, వాళ్లకి చదువు రావాలంటే ముందు తనకి వాళ్ల భాష రావాలనుకున్నారు. ఆ భాష తెలిసినవాళ్లని ఇంట్లో పెట్టుకుని నేర్చుకుని, వాళ్ల పాటలు, కథలు సేకరించి, సవర పిల్లలకి బడులు పెట్టి, దశాబ్దాల తర్వాత 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. రెండేళ్ల పీజీలో ఎవరూ అంత పని చేయలేరు, చేయమని అడగడం కూడా న్యాయం కాదు. కానీ ఆ వరసని పాటించొచ్చు. ఏం తీసుకెళ్లాలో చూసుకునే ముందు కొంత భాష, కొన్ని పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారు అన్న కనీస అవగాహన సంపాదించడం మొదటి సెమిస్టర్‌లో కుదిరే పనే. దాన్ని క్లాస్‌వర్క్‌గా లెక్కేసి మార్కులిస్తే పిల్లలు తప్పకుండా చేస్తారు.

అసలు చిక్కు క్యాలెండర్‌తో వస్తుంది. సెమిస్టర్ తేదీలు ఒకలా ఉంటాయి, ఊరి రోజులు ఇంకోలా ఉంటాయి. వర్షాలు పడి ఊడ్పులు మొదలయ్యాక తప్పెటగుళ్లు ఎలా కొడతారో చూపించండి అని వెళ్తే ఎవరు దొరుకుతారు? వాళ్లు అప్పుడు పొలంలో ఉంటారు. తప్పెటగుళ్లు ప్రధానంగా యాదవులు వానల కోసం, పశువుల క్షేమం కోసం గంగమ్మని కొలుస్తూ ఆడే ఆట. గుండ్రటి తప్పెటని ఛాతీకి కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో, రెండు చేతులా వాయిస్తూ ఎగురుతూ పాడతారు, ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడే విన్యాసాలు కూడా ఉంటాయి. ప్రభుత్వ కార్యక్రమాల్లో దీన్ని పది నిమిషాలకి కుదించి చూపిస్తుంటే, కథ పోయి ఎగరడం మాత్రమే మిగులుతోంది. దాన్ని మాత్రమే చూసి డిసర్టేషన్ రాసే విద్యార్థి ఆ కళ అంతా విన్యాసమే అని రాసేస్తాడు. ఊరి జాతరలో పూర్తి ఆట చూడాలంటే జాతర రోజు వరకు ఆగాలి, అది అసైన్‌మెంట్ గడువు చూసుకుని రాదు.

పైడితల్లమ్మ సిరిమానోత్సవం విషయం ఇంకా స్పష్టంగా ఉంటుంది. దసరా వెళ్లిన మంగళవారం, క్యాంపస్‌లకి సెలవులు ఇచ్చే రోజుల చుట్టుపక్కలే, విజయనగరం మొత్తం ఒక రంగస్థలం అవుతుంది. పెద్ద చింతమానుని సిరిమానుగా మలిచి, దాని చివర పూజారి కూర్చుంటే కోట దాకా ఊరేగిస్తారు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, జాలరి వల నడుస్తాయి, దేని బాధ్యత ఎవరిదో ముందే తెలిసి ఉంటుంది. రంగస్థల నిర్మాణం చదివే విద్యార్థి ఆ ఒక్క సాయంత్రాన్ని ఫొటో తీసి వెళ్లిపోతే చాలా పోగొట్టుకున్నట్టే. మాను ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు చెక్కారు, బరువు ఎలా ఆపుతారు, అంత జనంలో దారి ఎలా దొరుకుతుంది అన్న పని అంతా వారాల ముందు జరుగుతుంది. నేర్చుకోవాల్సిన కళ అందులోనే ఎక్కువ ఉంది.

అక్టోబర్, నవంబర్ తుపాన్ల నెలలు అన్నది కూడా మర్చిపోకూడదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం మీద పడి కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు ఆ ఊళ్లలో ఎవరైనా మ్యూరల్ ప్రాజెక్టు పెట్టుకుని ఉంటే దాన్ని పక్కన పెట్టి మొదట నీళ్లు, కరెంటు, పైకప్పు చూసుకోవాల్సిందే. అలాంటప్పుడు గడువు పొడిగించే నిబంధన రాతపూర్వకంగా ఉంటే విద్యార్థి నిశ్చింతగా ఊరితో ఉంటాడు. లేకపోతే మార్కుల భయంతో క్యాంపస్‌కి పరిగెడతాడు, ఆ తర్వాత ఆ ఊరివాళ్లు అతన్ని ఎలా నమ్ముతారు?

ఊరు పనిని మార్చడం అంటే ఏంటో చెప్పడానికి శ్రీకాకుళం జిల్లాలో ఖాదీ నేసే పొందూరు బాగా పనికొస్తుంది. టెక్స్‌టైల్ డిజైన్ చదివేవాళ్లు తరచూ కంప్యూటర్‌లో డిజైన్ వేసుకుని, నేయించుకోవడానికి వెళ్తారు. అక్కడి ఖాదీకి ఆ సన్నదనం మగ్గం దగ్గర రాదు, దానికి చాలా ముందు వస్తుంది. పత్తిని వాలుగ చేప దవడతో ఏకి, గింజ తీసి, దూది పట్టి, ఏకులు చుట్టి, రాట్నం మీద వడికితే వంద కౌంటు, ఆపైన నూలు వస్తుంది. ఈ పని ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్ల చేతుల్లో ఉంది, గంటల తరబడి వడికినా చిలపలకి, అంటే నూలు చుట్టలకి, వచ్చే కూలి తక్కువే, అందుకే కొత్తవాళ్లు దిగడం లేదు. కొన్నాళ్లు వాళ్ల పక్కన కూర్చుని వడకడం ప్రయత్నించిన విద్యార్థికి రెండు విషయాలు తెలుస్తాయి. తన డిజైన్‌లో ఉన్న గట్టి రంగు పట్టీలు ఆ నూలు తత్వానికి సరిపోవని ఒకటి. అసలు సమస్య డిజైన్ కొరత కాదనీ, వడికే చేతికి దక్కే కూలి అనీ రెండోది. ఆ తర్వాత ఆ విద్యార్థి చేసే పని డిజైన్‌గానే ఉండొచ్చు, లేదా ఒక గజం బట్టలో ఎవరి ఎన్ని గంటల పని ఉందో చూపించే ఇన్‌స్టలేషన్ కావచ్చు, లేదా ఆ ఆడవాళ్ల మాటలతో ఒక ధ్వని రికార్డింగ్ కావచ్చు. ఏదైనా సరే మొదట క్యాంపస్‌లో అనుకున్నది మాత్రం అవదు. కళ చదువులో నిజంగా జరగాల్సింది ఈ మార్పే, జ్యూరీ మార్కులివ్వాల్సింది కూడా దీనికే.

డబ్బు గురించి మాట్లాడటానికి కళల విభాగాల్లో అందరూ మొహమాటపడతారు. పడకూడదు. జముకు వాయిస్తూ కథ పాడే ఒక జముకుల కథ కళాకారుణ్ని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి పాడించుకుంటే ఆ రోజు ఆయన కూలి పోయినట్టే. టీ, శాలువా ఇస్తే తీరిపోదు. ప్రాజెక్టు బడ్జెట్‌లో రంగులకి, ఫ్రేములకి, ప్రింట్లకి గడులు ఉంటాయి గానీ పాడినవాళ్లకి, నేర్పినవాళ్లకి ఇవ్వాల్సిన దానికి గడి ఉండదు. పేరు సంగతి కూడా అంతే. ఎగ్జిబిషన్ లేబుల్ మీద విద్యార్థి పేరు, గైడ్ పేరు ఉంటాయి, గోడ వేసిన మనిషి మాత్రం "స్థానిక కళాకారిణి" అయిపోతుంది. ఆవిడకి పేరుంది. ఆ పేరు వేయమంటే వేయాలి, వద్దంటే మానాలి, ఆ మాట ఆవిణ్నే అడగాలి.

చట్టం ఇక్కడ కొంతవరకే ఆదుకుంటుంది. 1957 కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కులు ఉన్నాయి కాబట్టి అనుమతి లేకుండా ఒకరి ప్రదర్శనని రికార్డు చేసి వాడుకోవడం కుదరదు. కానీ తరతరాలుగా ఒక సమూహం పాడుకుంటున్న పాట మీద ఆ సమూహానికి హక్కు ఇచ్చే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. బొబ్బిలి వీణకీ, బుడితి కంచు, ఇత్తడి పనికీ జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది, మంచిదే, దానివల్ల వేరేచోట చేసినదాన్ని ఆ పేరుతో అమ్మకుండా ఆపొచ్చు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్క మీద వీణ చెక్కే మనిషికి రేపు పని దొరుకుతుందా, చెక్క ఏ ధరకి వస్తుందా అన్నది జీఐ తేల్చదు. అందుకే విద్యార్థికీ ఆ మనిషికీ మధ్య తెలుగులో రాసిన ఒక చిన్న ఒప్పందం కావాలి. ఏం రికార్డు చేస్తున్నాం, ఎక్కడ చూపిస్తాం, యూట్యూబ్‌లో పెడతామా లేదా, డబ్బొస్తే ఎవరికెంత, మనసు మారితే తీసేయమని ఎవరికి చెప్పాలి, ఇవన్నీ ఒక పేజీలో రాయొచ్చు. చదవడం రానివాళ్లకి చదివి వినిపించి, ఆ వినిపించడాన్ని కూడా రికార్డు చేస్తే సరిపోతుంది.

చేసిన పని తిరిగి ఎక్కడికి చేరుతుందన్నది ఇంకో ప్రశ్న. డిసర్టేషన్లు యూనివర్సిటీ లైబ్రరీ బీరువాల్లో ఉంటాయి, ఏ ఊరి గురించి రాశారో ఆ ఊరివాళ్లు వాటిని ఎప్పుడూ చూడరు. శ్రీకాకుళంలో దీనికి దారి చూపించిన సంస్థ ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు స్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చాక, 1997లో శ్రీకాకుళంలోనే కథానిలయం మొదలుపెట్టారు. తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలన్న పట్టుదలతో పాత పత్రికలు, పుస్తకాలు పోగుచేస్తుంటే ఎక్కడెక్కడి పాఠకులో తమ దగ్గర ఉన్నవి పంపారు, తర్వాత వాటిని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో కూడా పెట్టారు. కథకి కుదిరినది పాటకీ, బొమ్మకీ, వేషానికీ ఎందుకు కుదరదు? పీజీ విద్యార్థి ప్రతి ఒక్కరూ తాము చేసిన రికార్డింగుల కాపీ ఆ ఊరి స్కూల్లోనో లైబ్రరీలోనో ఇచ్చి, పాడినవాళ్ల ఇంట్లో కూడా ఒకటి ఇవ్వాలని రూలు పెడితే పదేళ్లలో ఈ ప్రాంతానికి పెద్ద నిధి తయారవుతుంది. ఖర్చు ఒక పెన్‌డ్రైవ్.

జముకుల కథ గురించి ఇంకొక్క మాట. 1960ల చివర్లో శ్రీకాకుళం గిరిజన పోరాటంలో సుబ్బారావు పాణిగ్రాహి ఆ కళని తీసుకుని రాజకీయ కథ చెప్పారు. తర్వాత పార్వతీపురం వైపు నుంచి వచ్చిన వంగపండు ఇక్కడి జానపద బాణీల్నే పాటలుగా కట్టారు. వాళ్ల రాజకీయాలతో ఎవరు ఏకీభవించినా లేకపోయినా, ఇద్దరూ జనంలోకి కళని మోసుకెళ్లలేదు, జనం దగ్గర ఉన్న కళలోకి తమ మాటని తీసుకెళ్లారు. కోర్సుల్లో వీళ్లని సాహిత్య చరిత్ర పేపర్‌లో ఒక పేరాగా చదివి వదిలేయడం బాధగా ఉంటుంది, ప్రక్రియ పాఠంగా చదవాల్సినవాళ్లు.

విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. శాంతినికేతన్‌లో కళాభవన్ పెట్టింది కూడా అదే ఏడాది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, 1936 నుంచి ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల, పి. సుశీల అక్కడ చదివినవాళ్లే. ఘంటసాల ఆ ఊళ్లో మధుకరం చేసుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని చదువుకున్న సంగతి తెలుగువాళ్లందరికీ తెలుసు, పట్రాయని సీతారామశాస్త్రి గారు దగ్గరుండి నేర్పిన సంగతీ తెలుసు. విజయనగరం ఇళ్లు అన్నం పెడితేనే ఆ చదువు సాగింది. శాంతినికేతన్ 1922లో పక్కనే శ్రీనికేతన్ పెట్టి పల్లెల పనిని, చేతివృత్తుల్ని విద్యలో భాగం చేసుకుంది, కళాభవన్ పీజీ, పరిశోధన దాకా పెరిగింది. విజయనగరం కళాశాల ప్రధానంగా సర్టిఫికెట్, డిప్లొమా కోర్సుల దగ్గరే ఉండిపోయింది. అంత పేరున్న చోట, చుట్టూ బొబ్బిలి వీణ, తూర్పు భాగవతం అనే వీధి నాటకం, హరికథ ఉన్నచోట, సంగీతంలోనో ప్రదర్శన కళల్లోనో ఊరితో ముడిపడిన పీజీ ఒకటి రావడానికి వందేళ్లు సరిపోలేదంటే ఆ లోటు పాలకులదీ, యూనివర్సిటీలదీ. చిత్రకళ, నాటకం కోసం ఇక్కడి పిల్లలు విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీకో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకో వెళ్తున్నారు. వెళ్లడం మంచిదే, నాలుగు రకాల మనుషుల్ని చూస్తారు, కానీ హాస్టల్, ప్రయాణం, మెటీరియల్ ఖర్చు భరించలేనివాళ్లు డిగ్రీతోనే ఆగిపోతున్నారు.

ఆగిపోతున్నవాళ్లలో ఎక్కువమంది కళ ఇంట్లోనే ఉన్న పిల్లలు, ఇదే అన్నిటికంటే పెద్ద నష్టం. గొల్లపల్లి వీణ పనివారి ఇంటి అబ్బాయి, సీతంపేట కొండల నుంచి వచ్చిన సవర అమ్మాయి, మృదంగం కొట్టే తాత ఉన్న పిల్ల పీజీలోకి వస్తే ఊరితో అనుబంధం అనే పేపర్ వాళ్లకి విడిగా నేర్పక్కర్లేదు. వాళ్లకి కష్టమయ్యేవి వేరే ఉన్నాయి. ఇంగ్లీషులో స్టేట్‌మెంట్ రాయమంటారు, పోర్ట్‌ఫోలియో ఫలానా తీరులో ఉండాలంటారు, ఇంటర్వ్యూలో యూరప్ చిత్రకారుల పేర్లు అడుగుతారు. ఇంటి దగ్గర నేర్చుకున్న పనిని పోర్ట్‌ఫోలియోలో పెట్టొచ్చని చాలామందికి తెలియనే తెలియదు. తెలుగులో స్టేట్‌మెంట్ రాసే వీలు, తెలుగులో వైవా చెప్పే వీలు ఉంటే ఈ గోడ చాలావరకు పడిపోతుంది.

ఖర్చులకి ఒక ఆసరా ఉంది, దీని గురించి ఇక్కడ తెలిసినవాళ్లు తక్కువ. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల మధ్య యువ కళాకారులకి రెండేళ్లపాటు నెలకి 5,000 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తుంది. సంగీతం, నాట్యం, నాటకంతో పాటు చిత్రకళ, జానపద కళలకి కూడా వర్తిస్తుంది. ఆ తర్వాత 25 నుంచి 40 ఏళ్లవాళ్లకి నెలకి 10,000 జూనియర్ ఫెలోషిప్, 40 దాటినవాళ్లకి నెలకి 20,000 సీనియర్ ఫెలోషిప్ ఉన్నాయి. బోధన వైపు వెళ్లాలనుకుంటే యూజీసీ నెట్ పరీక్ష విజువల్ ఆర్ట్స్, పెర్ఫార్మింగ్ ఆర్ట్స్, సంగీతంలో ఉంది. ఏమొస్తుంది అని అడిగే ఇంట్లోవాళ్లకి చెప్పగలిగిన గట్టి మాటల్లో ఇవి కొన్ని.

నేర్పేవాళ్ల విషయంలో నిబంధనలు కూడా ఇప్పుడు అనుకూలంగానే ఉన్నాయి. డిగ్రీలు లేకపోయినా అనుభవం ఉన్నవాళ్లని ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా తీసుకోవచ్చని యూజీసీ 2022లో చెప్పింది. కళాకారుల్ని, చేతివృత్తులవాళ్లని క్యాంపస్‌లో ఉంచుకుని వాళ్లతో నేర్పించడానికి 2023లో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే పొందూరులో వడికే ఆవిడ, బుడితిలో కంచు పోతపోసే మనిషి, తప్పెటగుళ్లు నడిపించే గురువు గౌరవ వేతనంతో ఒక సెమిస్టర్ పాఠం చెప్పడానికి అడ్డం ఏమీ లేదు. అలా వచ్చినవాళ్లని జ్యూరీలో కూడా కూర్చోబెట్టాలి. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ అరగంటలో ఎగ్జిబిషన్ చుట్టి చూసి మార్కులేస్తాడు, అతనికి కనిపించేది పూర్తయిన వస్తువు మాత్రమే. విద్యార్థి ఎన్నిసార్లు వచ్చాడు, ఏం విన్నాడు, చెప్పింది విని ఏం మార్చాడు, మాటిచ్చిన డబ్బు ఇచ్చాడా లేదా అన్నది ఆ ఊరివాళ్లకే తెలుసు. ఆ ఎగ్జిబిషన్ ముందు ఊళ్లో స్కూలు వరండాలోనో పంచాయతీ ఆఫీసులోనో పెట్టి, తర్వాతే క్యాంపస్‌కి తేవాలి. మొదట్లో అందరూ మర్యాదకి బాగుంది బాబూ అనే అంటారు. అందుకే ఎలా ఉంది అని అడగకుండా ఎక్కడ తప్పుంది, ఇంకెలా ఉండాలి అని అడగాలి. తాళం తప్పితే ఆపేసి సరిచేసే అలవాటు ఈ కళల్లో ఎప్పటినుంచో ఉంది కాబట్టి, ఒకరు మొదలుపెడితే మిగతావాళ్లూ చెప్తారు. ఆ మాటలు, వాటికి విద్యార్థి ఇచ్చిన జవాబు, ఆ తర్వాత పనిలో చేసిన మార్పు డిసర్టేషన్‌లో ఒక అధ్యాయంగా రావాలి, మొత్తం మార్కుల్లో కనీసం పావు వంతు దానికి ఉండాలి.